అటవీ సరిహద్దు గూడేలలో తాగునీటి నాణ్యతా పర్యవేక్షణ: చౌక సెన్సర్ల శక్తి, పరిమితులు (ఖమ్మం – భద్రాచలం ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం: తక్కువ ఖర్చుతో తయారయ్యే సెన్సర్ల ద్వారా నీటి నాణ్యతను దూరం నుంచి గమనించే పద్ధతి కొన్నేళ్లుగా పరిశోధకుల దృష్టిని ఆకర్షిస్తోంది. ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దులోని నీటి వనరుల దృష్ట్యా ఈ పద్ధతి ఏం కొలవగలదు, ఏం కొలవలేదు, ఎక్కడ అమర్చితే ప్రయోజనం అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పారే వాగులో కంటే మూత ఉన్న బోరుబావిలో సెన్సర్ అవసరం ఎక్కువని, అక్కడ విద్యుద్వాహకత – ఉష్ణోగ్రతల జంటయే ఎక్కువ ఆధారపడదగినదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నీటి నాణ్యత, చౌక సెన్సర్లు, విద్యుద్వాహకత, మడ్డితనం, చెలమ, బోరుబావి, లోరా, భద్రాచలం ఏజెన్సీ.

1. ఉపోద్ఘాతం

వానాకాలం వచ్చిందంటే భద్రాచలంలో మూడు అంకెలు ప్రతి నోటా వినబడతాయి. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరిన సంగతిని అక్కడివారు కుటుంబ చరిత్రలో భాగంగా చెప్పుకుంటారు. ఈ అంకెల బలం వాటి కచ్చితత్వంలో మాత్రమే లేదు. ప్రతి అంకె వెనుక ఒక పని ఉంది. ఏ హెచ్చరికకు ఏ కాలనీ ఖాళీ చేయాలి, ఏ రహదారి మూతపడుతుంది, ఏ అధికారి ఎక్కడ ఉండాలి అన్నది ముందుగానే నిర్ణయమై ఉంటుంది.

నీరు ఎంత ఉందన్న ప్రశ్నకు ఇంత స్పష్టమైన సమాధానం ఉన్నచోట, ఆ నీరు ఎలా ఉందన్న ప్రశ్నకు గూడెం స్థాయిలో అలాంటి అంకె కనబడదు. నమూనా తీయాలి, సీసాలో పట్టాలి, ప్రయోగశాలకు చేర్చాలి, ఫలితం కోసం ఎదురుచూడాలి. సూక్ష్మజీవుల పరీక్షకు పట్టిన నమూనాను చల్లగా ఉంచి, గంటల వ్యవధిలోనే పరీక్ష మొదలుపెట్టాలి. వాగులు పొంగి దారులు తెగే జూలై, ఆగస్టు నెలల్లోనే ఆ పరీక్ష అవసరం ఎక్కువ. అది సాధ్యపడనిదీ ఆ నెలల్లోనే. చౌక సెన్సర్ల మీద ఆసక్తి పుట్టడానికి మూలం ఈ వైరుధ్యమే.

2. చెలమ, బోరు, కుళాయి

2016 అక్టోబరు 11న పూర్వపు ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఖమ్మం వైపు నుంచి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం చేరి, అక్కడ నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగితే దారి పొడవునా అడవి అంచు కనబడుతూనే ఉంటుంది. కుడి గట్టున కిన్నెరసాని, ఎడమ గట్టున ఛత్తీస్‌గఢ్‌ నుంచి దిగే తాలిపేరు గోదావరిలో కలుస్తాయి. ఇంకా దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని కూనవరం వద్ద శబరి వచ్చి చేరుతుంది. ఈ నీళ్లు రాష్ట్రాల సరిహద్దులను పట్టించుకోవు. నీటి లెక్కలు మాత్రం రాష్ట్రాల వారీగా, శాఖల వారీగా విడివిడి దస్త్రాలలో ఉంటాయి.

ఈ ప్రాంతం కేవలం అడవి కాదు. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరుల బొగ్గు గనులు, పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితపు కర్మాగారం, అశ్వాపురం మండలంలోని భారజల కర్మాగారం ఇక్కడివే. అధిక కాలుష్యానికి అవకాశమున్న 17 రకాల పరిశ్రమలు తమ వ్యర్థాలను నిరంతరం ఆన్‌లైన్‌లో పర్యవేక్షించే పరికరాలు అమర్చుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. కాగితం, థర్మల్ విద్యుత్తు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే నీటిని నిరంతరం గమనించాలన్న సూత్రం ఇక్కడికి కొత్త కాదు. కర్మాగారపు కాలువ చివర దానికి చోటు దొరికింది. బిందె ముంచే చోటుకు అది ఇంకా చేరవలసి ఉంది.

గూడెంవాసులు తాగే నీరు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది చెలమ. వాగు ఒడ్డున ఇసుకలో చేతులతో గుంట తవ్వితే ఊరే నీరు. ఇసుక సహజమైన వడపోతగా పనిచేయడం వల్ల ఆ నీరు వాగు నీటికంటే తేటగా ఉంటుంది. కాని అదే వాగులో పశువులు దిగుతాయి, ఎగువన గుడ్డలు ఉతుకుతారు. రెండవది చేతిపంపు, అంటే వాడుకలో బోరింగు. మూడవది కుళాయి. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన నీరు పైపుల్లో వస్తుంది.

మూడవది వచ్చిన చోట మొదటి రెండూ అంతరించాయనుకోవడం పొరపాటు. కరెంటు పోయినా, పైపు పగిలినా, పోడు చేను గూడేనికి దూరమైనా మనుషులు మళ్లీ చెలమకే వెళ్తారు. క్లోరిన్ వాసన, ఇనుము రుచి నచ్చక చెలమ నీటినే ఇష్టపడేవారూ ఉంటారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని హింస నుంచి తప్పించుకుని వచ్చిన గుత్తికోయల ఆవాసాలది మరొక స్థితి. అవి అడవి లోపల ఉండడం వల్ల పైపు వేయాలన్నా, బోరు దించాలన్నా అటవీ అనుమతుల ప్రశ్న ఎదురవుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం తాగునీటి సరఫరా, నీటి పైపులైన్ల కోసం గ్రామసభ సిఫారసుతో ఒక్కొక్క పనికి హెక్టారు కంటే తక్కువ అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, వినియోగించుకోవచ్చు. అయితే ఆ వెసులుబాటు గుర్తింపు పొందిన గ్రామానికి ఉపయోగపడినంత సులువుగా, నిన్నగాక మొన్న వెలసిన ఆవాసానికి ఉపయోగపడదు. ఏ సెన్సర్ గురించి మాట్లాడినా ఈ నేపథ్యాన్ని మరువరాదు. లేని కుళాయి నీటి నాణ్యతను కొలవడం కుదరదు.

3. సెన్సర్ నిజంగా కొలిచేది

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం పి.హెచ్. 6.5 – 8.5 మధ్య ఉండాలి. కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు కోరదగినవి, వేరే వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. మడ్డితనం, అంటే టర్బిడిటీ, 1 ఎన్.టి.యు. కోరదగినది, గరిష్ఠ పరిమితి 5. ఫ్లోరైడు 1.0, తప్పనిసరైతే 1.5 మిల్లీగ్రాములు. నైట్రేటు 45 దాటరాదు. ఇ-కోలై 100 మిల్లీలీటర్ల నీటిలో అసలు కనబడరాదు.

ఈ జాబితాలో మనిషిని త్వరగా మంచాన పడేసేది చివరిది. నెమ్మదిగా ఎముకలను వంచేది ఫ్లోరైడు. చౌక సెన్సర్లు నేరుగా కొలవలేనివి సరిగ్గా ఇవే. అవి కొలిచేవి ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత, పి.హెచ్., మడ్డితనం, కొంత ఖర్చు పెడితే కరిగిన ఆక్సిజన్. అందుచేత సెన్సర్ తెరపై అంకెలు అనుకూలంగా ఉన్నాయి కనుక నీరు సురక్షితమన్న నిర్ణయం ప్రమాదకరం. సెన్సర్ చెప్పగలిగేది ఒక్కటే: నీటిలో ఏదో మారింది, ఇప్పుడు నమూనా తీయండి.

ఆ ఒక్క మాటైనా నమ్మదగిన రీతిలో చెప్పగలదా అన్నది అసలు పరీక్ష. పి.హెచ్. ఎలక్ట్రోడు గాజు పొరకు ఇరువైపులా ఏర్పడే విద్యుత్ పీడనాన్ని కొలుస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక పి.హెచ్. ప్రమాణానికి ఆ తేడా సుమారు 59 మిల్లీవోల్టులు. ప్రయోగశాలలో ఇది బాగా పనిచేస్తుంది. కాని వాననీటితో నిండే అడవి వాగుల్లో కరిగిన లవణాలు తక్కువ. అలాంటి పలుచని నీటిలో గాజు ఎలక్ట్రోడు స్థిరపడడానికి చాలాసేపు తీసుకుంటుంది, రీడింగు ఊగిసలాడుతుంది. పైగా నెలల తరబడి నీటిలో ఉంచితే దాని రిఫరెన్సు భాగం మూసుకుపోతుంది, అంకె మెల్లగా పక్కకు జరుగుతుంది. పి.హెచ్. 4, 7, 10 బఫర్ ద్రావణాలతో తరచుగా సరిచూసుకోకపోతే అది కొలిచేది నీటిని కాదు, తన వృద్ధాప్యాన్ని.

మడ్డితనం సెన్సర్లది మరింత విచిత్రమైన కథ. విద్యార్థుల ప్రాజెక్టులలో ఎక్కువగా కనబడే చౌక టర్బిడిటీ సెన్సర్ బట్టలు ఉతికే యంత్రాల కోసం రూపొందించిన రకానికి చెందినది. ఉతికిన నీరు ఎంత మురికిగా ఉందో చెప్పడం దాని పని. వేల ఎన్.టి.యు.ల పరిధిలో స్థూలంగా తేడా చెబుతుంది. తాగునీటికి కావలసింది 1కి, 5కి మధ్య తేడా. సుమారు 4 ఎన్.టి.యు. దాటితే గాని మడ్డి మామూలు కంటికి కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వాగు ఎర్రబారినప్పుడు, గూడెంలో చిన్నపిల్లలు కూడా చూసి చెప్పగలిగిన విషయాన్ని ఈ సెన్సర్ చెబుతుంది. ఎవరి కంటికీ కనబడని మార్పు వచ్చినప్పుడు ఊరకుంటుంది. 860 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపి, 90 డిగ్రీల కోణంలో చెదిరిన కాంతిని పట్టే అమరిక దీనికంటే ఖరీదైనదే కాని, ఆకులు కుళ్లిన గోధుమరంగు నీటిలో కూడా రంగు ప్రభావానికి అంతగా లోనుకాదు. ఖర్చు పెంచవలసి వస్తే ముందుగా పెంచవలసింది ఇక్కడే.

ఇక విద్యుద్వాహకత. నీటిలో రెండు ఎలక్ట్రోడుల మధ్య విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిచే ఈ సెన్సర్‌లో పగిలే గాజు పొర లేదు, ఎండిపోయే ద్రావణం లేదు. దాని లోపం ఒకటి, అదీ సరిదిద్దగలది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే విద్యుద్వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 200 మైక్రోసీమెన్స్ చూపే నీరు, తెల్లవారుజామున 22 డిగ్రీల వద్ద 188 చూపుతుంది, మధ్యాహ్నం 32 డిగ్రీల వద్ద 228 చూపుతుంది. నీరు ఏమాత్రం మారలేదు, మారింది ఎండ. ఈ సవరణ చేయని పరికరం ప్రతి మధ్యాహ్నం కాలుష్యం పెరిగిందని నివేదిస్తుంది. పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంచితే చాలు. డి.ఎస్. 18బి20 వంటి చిన్న డిజిటల్ సెన్సర్ అర డిగ్రీ తేడాతో ఉష్ణోగ్రత చెబుతుంది. విద్యుద్వాహకతను ఒక స్థిర గుణకంతో హెచ్చవేసి టి.డి.ఎస్.గా చూపే అలవాటు కూడా జాగ్రత్త కోరుతుంది. నీటిలోని లవణాల స్వభావాన్ని బట్టి ఆ గుణకం సుమారు 0.5 నుంచి 0.7 వరకు మారుతుంది.

ఈ సాదా జంట ప్రయోజనం వాగులో కంటే బోరుబావిలో ఎక్కువ. లోతు నుంచి వచ్చే భూగర్భజలం విద్యుద్వాహకత, ఉష్ణోగ్రత రోజుల తరబడి దాదాపు స్థిరంగా ఉంటాయి. ఒక రాత్రి కుండపోత కురిసిన తరువాత వాహకత ఒక్కసారిగా పడిపోయి, ఉష్ణోగ్రత కూడా కదిలితే, పైనుంచి వాననీరు బోరులోకి చొరబడిందని అనుమానించాలి. చప్టా పగిలి ఉండవచ్చు, కేసింగు పైపు పక్కన సందు ఏర్పడి ఉండవచ్చు. పైనుంచి వచ్చిన ఆ నీటితోపాటు పశువుల పేడ, మనుషుల మలం కూడా దిగుతాయి. కంటికి నీరు తేటగానే ఉంటుంది. సెన్సర్ ఉండవలసిన చోటు అదే, కన్ను మోసపోయే చోటు. నదీ ప్రవాహంలో తేలే పరికరాల ఛాయాచిత్రాలు పరిశోధన పత్రాలకు అందం తెస్తాయి గాని, గూడేనికి ఉపకరించేది చప్టా కింద కనబడకుండా ఉన్న ఈ చిన్న జంటే.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. వాహకత ఎందుకు మారిందో ఈ సెన్సర్ చెప్పదు. గని నీరా, బూడిద చెరువా, చేనులో చల్లిన యూరియానా, కేవలం వానా అన్నది ప్రయోగశాల పరీక్షే తేల్చాలి. సెన్సర్ గ్రాఫును పట్టుకుని ఎవరి మీదనైనా నేరం మోపడం శాస్త్రం కాదు.

4. అడవి పెట్టే పరీక్షలు

ప్రయోగశాలలో పనిచేసిన పరికరం అడవి అంచున తడబడడానికి విద్యుత్తు, సంకేతం, పాచి, అనుమానం అనే నాలుగు కారణాలు కనబడతాయి. వీటిలో మొదటిది అనుకున్నంత కష్టం కాదు. అరగంటకొకసారి మేల్కొని, 20 సెకన్లపాటు 100 మిల్లీ ఆంపియర్లు వాడి, మిగిలిన సమయమంతా నిద్రించే పరికరం సగటున 1.2 మిల్లీ ఆంపియర్లకు మించి వాడదు. 3000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ లెక్క ప్రకారం దానికి 100 రోజులు సరిపోవాలి. ఆచరణలో కొంత తగ్గినా, మబ్బులు కమ్మిన వానాకాలంలో అధిక భాగం సౌరఫలకం లేకుండానే గడుస్తుంది. దట్టమైన చెట్ల నీడలో సౌరఫలకం పెట్టి నిరాశ చెందడం కంటే బ్యాటరీ మార్చే మనిషిని ఏర్పాటు చేసుకోవడం మేలు.

సంకేతం సంగతి వేరు. మొబైలు సిగ్నల్ అందని చోట్ల లోరా పద్ధతి సాధారణంగా సూచించబడుతుంది. మన దేశంలో 865 – 867 మెగాహెర్ట్‌జ్ పరిధిలో లైసెన్సు లేకుండా ఇది పనిచేస్తుంది. అడ్డులేని మైదానంలో పది కిలోమీటర్లకు పైగా చేరే ఈ సంకేతం గుట్టలు అడ్డువస్తే, తడిసిన ఆకుల గుండా సాగితే చాలా కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చినప్పుడు పరీక్షించి సంతృప్తి చెందితే జూలైలో సంకేతం మాయమవుతుంది. పరీక్ష వానలో చేయాలి. గ్రహించే కేంద్రాన్ని ఎత్తైన చోట, కరెంటు, మొబైలు సిగ్నల్ రెండూ ఉన్న ఆశ్రమ పాఠశాల లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాబా మీద పెట్టడం అనువైనది. అది కూడా అందని గూడేనికి వారం వారం వచ్చే ఆరోగ్య కార్యకర్త ఫోనులోకి దగ్గర నుంచి సమాచారం దింపుకునే ఏర్పాటు చాలు. కాని అప్పుడది చరిత్రే, హెచ్చరిక కాదు.

పాచి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వెలుతురు తగిలే నీటిలో కొన్ని వారాలకే సెన్సర్ ముఖం మీద పొర పేరుకుంటుంది, మడ్డితనం అంకె పెరుగుతూ పోతుంది. బోరులో చీకటి ఉండడం ఇక్కడ కూడా కలిసివస్తుంది. అయితే ఇనుము ఎక్కువగా ఉన్న నీటిలో తుప్పు రంగు పొర చేరుతుంది. నెలకొకసారైనా తీసి శుభ్రం చేయవలసిందే.

నాలుగవది సాంకేతిక గ్రంథాల్లో కనబడని సమస్య. చర్ల, దుమ్ముగూడెం మండలాల సరిహద్దు గ్రామాలు దశాబ్దాలపాటు సాయుధ సంఘర్షణ మధ్య బతికాయి. అక్కడ చెట్టుకు కట్టిన పెట్టె, దానికి ఒక యాంటెన్నా కనబడితే అది నీటి కోసమేనని ఎవరూ వెంటనే నమ్మరు. ఎవరు పెట్టారు, ఎవరిని గమనించడానికి అన్న ప్రశ్న ముందు వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన భారం పరిశోధకుడి మీద కాక, గూడెంలోనే ఉండే మనిషి మీద పడుతుంది. అందువల్ల గ్రామసభలో చర్చించకుండా, లోపల ఏముందో విప్పి చూపకుండా, కోయ భాషలో వివరించకుండా ఒక్క పరికరం కూడా అమర్చరాదు. కెమెరా, ధ్వనిగ్రాహకం వంటివి చేర్చాలన్న ఉత్సాహాన్ని పూర్తిగా విడిచిపెట్టాలి. నీటి చప్టాకే బిగించిన, మూత తీసి చూడగలిగిన పెట్టె చెట్టు మీది పెట్టె కంటే తక్కువ అనుమానం రేపుతుంది.

5. అంకె వెనుక మనిషి

రువాండాలో 2014 – 15లో చేతిపంపులకు సెన్సర్లు అమర్చి జరిపిన అధ్యయనం ఈ సందర్భంలో గమనించదగినది. అవి నాణ్యతను కొలవలేదు. పంపు పనిచేస్తున్నదా లేదా అన్నది మాత్రమే చెప్పాయి. ఆ సమాచారం మరమ్మత్తు బృందానికి నేరుగా అందిన చోట పంపు బాగుపడడానికి పట్టిన సమయం 21 రోజులు. సాధారణ పద్ధతిలో అది 152 రోజులు. పనిచేసే పంపుల శాతం 68 నుంచి 91కి చేరింది. ఆ ఫలితాన్ని సెన్సర్ ఒక్కటే తేలేదు. సందేశం అందుకుని సంచి సర్దుకుని బయలుదేరే బృందం ముందుగా ఉన్నది.

అంకెను పామరులకు కూడా అర్థమయ్యేలా చేసిన ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. ఆర్సెనిక్ సమస్య బయటపడిన తరువాత అక్కడ లక్షలాది గొట్టపుబావులను క్షేత్ర పరీక్షా సామగ్రితో పరీక్షించి, పరిమితి దాటిన పంపుకు ఎరుపు, మిగిలిన వాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రానివారికి కూడా ఆ రంగు దారి చూపింది. కాని రంగు వేసిన రోజు నాటి నిజమే శాశ్వతమైపోయింది. తరువాత తవ్విన బావులకు, మారిన నీటికి ఆ రంగు జవాబు చెప్పలేకపోయింది. నిరంతరం గమనించే సెన్సర్ ఆ లోపాన్ని కొంత పూరిస్తుంది.

సెన్సర్ 'నమూనా తీయండి' అన్న తరువాత గూడెంలోనే చేయగల పరీక్ష ఒకటి మన దేశంలోనే పుట్టింది. మాంజా, మౌర్య, రావు అనే శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించిన హైడ్రోజన్ సల్ఫైడు పరీక్షలో చిన్న సీసాలో ఒక రసాయన పట్టీ ఉంటుంది. అందులో నీరు పోసి ఉంచితే, మలసంబంధమైన సూక్ష్మజీవులున్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడుతుంది. ఇక్కడి వాతావరణంలో దీనికి ఇంక్యుబేటరు అవసరం దాదాపు ఉండదు, గది వేడి చాలు. ఇది ఇ-కోలై సంఖ్యను చెప్పదు, అప్పుడప్పుడు పొరబడుతుంది కూడా. అయినా జిల్లా ప్రయోగశాలకు దారి తెగిన వారంలో దీనికి మించిన సాధనం గూడేనికి లేదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు క్షేత్ర పరీక్షా సామగ్రి వాడకంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది. బోరు సెన్సర్ సందేశం చేరవలసింది ముందుగా వారికే, రాజధానిలోని తెర మీదికి కాదు.

సెన్సర్ హెచ్చరికకు ప్రమాణ పట్టికలోని అంకెను వాడడం సరికాదు. ప్రతి బోరుకు తనదైన సహజస్థితి ఉంటుంది. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం దానిని గమనించి, ఆ స్థితి నుంచి ఎంత జరిగితే హెచ్చరిక అన్నది నిర్ణయించాలి. హెచ్చరిక వచ్చిన రోజు చేయవలసిన పనులు కూడా గోదావరి హెచ్చరికల వలెనే ముందే రాసి ఉండాలి: సీసా పరీక్ష పెట్టడం, ఫలితం తేలే వరకు నీరు కాచి తాగమని చెప్పడం, చప్టా చూడడం, బ్లీచింగ్ పొడి వేసి మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉందేమో చూడడం. మిగులు క్లోరిన్‌కు సెన్సర్ అనవసరం. క్లోరోస్కోపుతో చేతిపరీక్ష చాలు, ఖర్చు అతి తక్కువ. నీరు మడ్డిగా ఉంటే క్లోరిన్ సరిగా పనిచేయదు కనుక ముందు తేర్చడమో వడకట్టడమో చేయాలన్నది కూడా ఆ కాగితం మీద ఉండాలి.

పరిశోధన పత్రాల్లో 'తక్కువ ఖర్చు' అన్నప్పుడు తరచు లెక్కవేసేది విడిభాగాల ధర. బహుళ అంశాలను కొలిచే దిగుమతి పరికరానికి లక్షల రూపాయలు అవుతాయి, ఇక్కడ వర్ణించిన జంటకు వేలల్లో అవుతుంది. కాని బఫర్ ద్రావణాలు, బ్యాటరీలు, నెలకొకసారి చర్ల దాకా ప్రయాణం, దానికి ఒకరి జీతం కలిపితే రెండేళ్లలో నిర్వహణ ఖర్చు పరికరం ధరను దాటుతుంది. ఆ ఖర్చును ప్రాజెక్టు నిధుల కాలపరిమితికి ముడిపెడితే నిధులతోపాటే పరికరం మూగబోతుంది. స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కొత్తగూడెం విద్యాసంస్థ, భద్రాచలం, పాల్వంచ పరిసరాల డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర విభాగాలు ఇక్కడ చేయగల పని ఒకటుంది. క్యాలిబ్రేషన్ ద్రావణాలను తామే తయారుచేసి, ప్రతి పరికరానికి ఒక పుస్తకం పెట్టి, ఏ రోజు సరిచూశారు, ఎంత తేడా వచ్చింది, ఎవరు చూశారు అన్నది నమోదు చేయడం. ఆ పుస్తకం లేని సెన్సర్ నుంచి రెండేళ్లపాటు వచ్చిన అంకెలు ఏ పరిశోధనకూ ఆధారం కాలేవు. ఆ పుస్తకం ఒక ప్రతి గూడెంలోని పరీక్షకురాలి వద్ద కూడా ఉండాలి. బోరు పక్కన నిలబడి అంకె ఎందుకు మారిందని అడిగేవారికి మొదట జవాబు చెప్పవలసింది ఆమెయే.